తాళంచెవి తీసుకోండి, పైకప్పు వద్దు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ముచ్చట మీద ఉన్నాయి. మున్సిపాలిటీ కట్టిన ఇండోర్ స్టేడియం, ఈత కొలను, పార్కు, జిమ్ము. "మాతోని అయితలేదు, మీరే సంఘం పెట్టుకుని నడుపుకోండి" అని ఆఫీసుల్లో అంటున్నారట. మున్సిపల్ ఇంజినీరింగ్‌లో ముప్పై ఏళ్లు చేసి నల్లగొండలో రిటైరైనవాణ్ని కదా, ఎడిటర్ గారు కట్టంతా తెచ్చి నా ముందు పెట్టారు. ఉత్తరాలను కొంచెం కుదించాను. అడిగినవాళ్లకు రేపు ఆఫీసులో ఇబ్బంది కాకూడదని పేర్లు తీసేశాను.

ప్రశ్న: సార్, నమస్తే. మాది ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీ. పొద్దున ఐదున్నరకు ఇండోర్ స్టేడియంలో షటిల్ ఆడేవాళ్లం అరవై మందిమి ఉన్నాం. నాలుగు కోర్టులు, కట్టె నేల. ఒకరోజు కరెంటు ఉండదు, ఒకరోజు వాచ్‌మన్ రాడు. జీతం రాలేదంటాడు. మొన్న ఆఫీసుకు పిలిచి "అసోసియేషన్ రిజిస్టర్ చేసుకొని రండి, మీకే అప్పగిస్తాం" అన్నారు. మావాళ్లంతా ఖుషీగా ఉన్నారు. తలా ఐదు వందలు వేసుకుంటే నెలకు ముప్పై వేలు వస్తాయి. సరిపోతాయి కదా? తీసుకోమంటారా? – ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు

జవాబు: తీసుకోండి సార్. కానీ సంతకం పెట్టే ముందు ఒక పని చేయండి. మిట్టమధ్యాహ్నం స్టేడియంలోకి పోయి, తలుపులు మూసి, లైట్లన్నీ ఆర్పి పైకి చూడండి. రేకుల్లో చుక్కల్లాగా వెలుగు ఎన్ని చోట్ల కనబడుతుందో లెక్కపెట్టండి. ఆ చుక్కల కింద ఏ కోర్టు ఉందో ఒక కాగితం మీద గీసుకోండి. రేపటి ఒప్పందంలో మీరు మాట్లాడాల్సిన అసలు విషయం ఆ కాగితం మీదే ఉంటుంది.

ఎందుకు చెబుతున్నానంటే, నేను పనిచేసిన ఒక ఊళ్లో (పేరు వద్దు) ఇలాంటి స్టేడియమే ఉండేది. రేకును పట్టే బోల్టు కింద ఒక రబ్బరు వాషర్ ఉంటుంది. మన ఎండలకు నాలుగైదేళ్లలో అది ఎండిన చింతపండు పెచ్చులా పగిలిపోతుంది. దాని ఖరీదు ఐదు రూపాయలు కూడా ఉండదు. ఆ సందులోంచి వాన నీళ్లు బొట్టు బొట్టు మూడో కోర్టు సర్వీసు గీత మీద పడేవి. వాచ్‌మన్ కింద పెయింట్ డబ్బా పెట్టాడు. పిల్లలు డబ్బా పక్కకు జరిపి ఆడుకునేవాళ్లు. నేను ఎస్టిమేట్ రాశాను. ఫైలు పైకి పోయింది, ఒక ప్రశ్నతో కిందికి వచ్చింది, జవాబుతో మళ్లీ పైకి పోయింది. రెండో వానాకాలానికి చెక్క ఉబ్బి కాలికి తగలడం మొదలైంది. మూడో ఏడు ఆ కోర్టు పలకలు పీకితే కింద నల్లగా, వేలు పెడితే దిగిపోయేంత మెత్తగా ఉంది. ఆ ఫైలులో నా సంతకాలు కూడా ఉన్నాయి. ఐదు రూపాయల వాషర్‌కు కోర్టు పోయింది.

అందుకని మీకు చెప్పేది ఒకటే. తాళంచెవి తీసుకోండి, పైకప్పు తీసుకోకండి. తెరవడం, మూయడం, ఊడ్వడం, లైట్లు మార్చడం, సమయాలు పంచడం, ఫీజు వసూలు చేయడం మీ పని. రేకులు, గోడలు, నేల, వైరింగు, సెప్టిక్ ట్యాంకు మున్సిపాలిటీ పని. "పూర్తి నిర్వహణ బాధ్యత సంఘానిదే" అని ఒక్క ముక్క కనబడినా ఆ కాగితం అక్కడే పెట్టి లేచి రండి. మీకు స్టేడియం ఇస్తున్నారని మీరు అనుకుంటున్నారు. వాళ్లు మరమ్మతు వదిలించుకుంటున్నారు. కావాలని మోసం చేస్తున్నారని అనను. నేనూ ఆ కుర్చీ పక్కన కూర్చున్నవాణ్నే. చేతిలో పైసలు లేనప్పుడు అది ఉపాయం లాగే అనిపిస్తుంది.

ఇక మీ ముప్పై వేలు. మొదటి నెల అరవై మందీ కడతారు. పెళ్లిళ్ల సీజన్‌లో నలభై మంది వస్తారు, మీ టీచర్లకు పరీక్షల డ్యూటీలు పడితే ముప్పై ఐదుకు దిగుతుంది. నలభై మంది లెక్కనే పెట్టుకోండి, ఇరవై వేలు. వాచ్‌మన్, ఊడ్చే ఆమె, కరెంటు, బల్బులు పోను మిగిలేదాన్ని బట్టి తెలుస్తుంది మీ సంఘం ఎన్నేళ్లు బతుకుతుందో. కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంది, ఏ కేటగిరీలో ఉంది, పాత బకాయి ఎంత, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. పాత బకాయితో సహా మీటరు మీ పేరు మీదికి మార్చుకుంటే మీ తలా ఐదు వందలు రెండేళ్లు దానికే పోతాయి.

సంఘం రిజిస్ట్రేషన్ పెద్ద కష్టం కాదు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. 1995 మాక్స్ చట్టం (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) కింద సహకార సంఘం కూడా పెట్టుకోవచ్చు కానీ అరవై మంది షటిల్‌కు అంత తతంగం ఎందుకు? దాని కంటే ముఖ్యం, మీకిచ్చే కాగితం మీద కౌన్సిల్ తీర్మానం నంబరు ఉండాలి. కమిషనర్ గారి నోటిమాట ఆయన ట్రాన్స్‌ఫర్‌తో పాటే పోతుంది. మన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసి స్పెషల్ ఆఫీసర్లు వచ్చినప్పుడు చూశాం కదా, "ఎవరు ఇచ్చారు మీకు? తీర్మానం ఏది?" అని అడిగితే కాగితం ఉన్నవాళ్లే నిలబడగలిగేది.

ఇంకో ముచ్చట మర్చిపోతారు. ఎన్నికలొస్తే మీ స్టేడియం స్ట్రాంగ్ రూమో, కౌంటింగ్ హాలో అవుతుంది. వారాల తరబడి తాళం, బయట పోలీసులు. కట్టె నేల మీద బారికేడ్లకు మేకులు దిగ్గొట్టిన చోటు నేను చూశాను. ఆ రోజులకు కరెంటు బిల్లు, నేల నష్టం ఎవరిదో ముందే రాయించుకోండి.

ఇంతవరకు మీ తరఫున మాట్లాడాను. ఇప్పుడు కొంచెం మీకు నచ్చని మాట. మీ ఉత్తరంలో "మావాళ్లంతా" అని ఉంది. అక్కడే నేను ఆగిపోయాను. ఆ అరవై మందిలో ఆడవాళ్లు ఎంతమంది సార్? సర్కారు బడి పిల్లలు ఎంతమంది?

ఇంకో ఊళ్లో పార్కును వాకర్స్ అసోసియేషన్‌కు ఇప్పించింది నేనే. మొదటి ఆరు నెలలు చూసి మురిసిపోయాను. గోడలకు రంగులు, గన్నేరు మొక్కలు, కూర్చోవడానికి సిమెంటు బెంచీలు. ఎవరో డాక్టరు గారు తాగునీళ్ల ఫిల్టర్ పెట్టించారు. ఏడాదికి గేటు మీద బోర్డు వచ్చింది, "సభ్యులకు మాత్రమే". ఉదయం తొమ్మిదింటికి తాళం. గేటు ముందు మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే ఆమె ఉండేది, ఆమె ఇద్దరు పిల్లలు అంతకుముందు సాయంత్రమంతా లోపలి జారుడుబల్ల మీదే ఉండేవాళ్లు. నేను చివరిసారి పోయినప్పుడు పెద్దవాడు గేటు చువ్వలు పట్టుకుని లోపలి ఉయ్యాలను చూస్తున్నాడు. సంఘం వాళ్లు చెడ్డవాళ్లు కాదు. "ఇదివరకు తాగి పడుకునేవాళ్లు సార్, ఇప్పుడు ఎంత నీట్‌గా ఉంది చూడండి" అన్నారు. నిజమే, నీట్‌గా ఉంది. కానీ ఆ పార్కు కట్టింది ఊరి ఇంటి పన్నులతో.

కాబట్టి కమిటీలో షటిల్ ఆడనివాళ్లు కూడా ఉండాలి. 2019 మున్సిపాలిటీల చట్టం కింద ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు వేశారు, యువకులవి, మహిళలవి, పెద్దవాళ్లవి, ఊళ్లో పేరున్నవాళ్లవి, ఒక్కోదాంట్లో పదిహేను మంది. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతిని మొదలుపెట్టింది కూడా మీ మహబూబ్‌నగర్‌లోనే. నేను చూసినంతలో ఆ కమిటీలు ఫొటోల దగ్గరే ఆగాయి. అయినా ఆ పేర్ల జాబితా ఆఫీసులో ఉంటుంది. అడిగి తీసుకుని మహిళా కమిటీ నుంచి ఇద్దరిని, దగ్గర్లోని బడి నుంచి ఒక పీఈటీని మీ కమిటీలో వేసుకోండి. సాయంత్రం రెండు గంటలు నాలుగు కోర్టుల్లో రెండు పిల్లలకు, ఫీజు లేకుండా. దీన్ని మీ బైలాలోనే రాయండి. రేపు మీరు ప్రెసిడెంటు కాకపోయినా అది ఉండాలి.

ప్రశ్న: మాది మిర్యాలగూడ. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ఇంగ్లండులో మా అబ్బాయి దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చాను. అక్కడ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్ల లెజర్ సెంటర్లు అని ఉంటాయి. ఈత కొలను, జిమ్ము, షటిల్ కోర్టులు ఒకే కప్పు కింద. కౌన్సిల్ మూసేస్తామంటే కొన్నిచోట్ల ఊళ్లోవాళ్లే ట్రస్టు పెట్టుకుని నడుపుతున్నారట. మనవాళ్లకు ఆ బుద్ధి ఎందుకు లేదు?

జవాబు: అన్నా, బుద్ధి సంగతి కాదు. అక్కడి చట్టం, అక్కడి లెక్క చూడాలి. ఇంగ్లండులో కౌన్సిల్ లైబ్రరీ నడపడం 1964 చట్టం ప్రకారం తప్పనిసరి. ఈత కొలను, జిమ్ము నడపడం తప్పనిసరి కాదు. పైసలు తగ్గితే కత్తి ముందు వాటి మీదే పడుతుంది. న్యూకాజిల్‌లో జెస్మండ్ అనే పేటలో 1991లో కౌన్సిల్ కొలను మూసేసింది. మరుసటి ఏడాదే పేటవాళ్లు సంఘం కట్టి తెరిచారు, ఇప్పటికీ దాన్ని నడిపేది వాళ్లే. లీడ్స్‌లో బ్రామ్లీ బాత్స్ అని 1904 నాటి ఎర్ర ఇటుకల ఈత భవనం ఉంది, 2013 నుంచి స్థానికులే నడుపుతున్నారు. లండన్ గ్రీనిచ్‌లో ఇంకో దారి పట్టారు. 1993లో అక్కడి లెజర్ సెంటర్లను నడపడానికి ఉద్యోగులే కలిసి ఒక సంస్థ పెట్టుకున్నారు. ఇప్పుడది దేశమంతా పాకింది. అంత పెద్దదయ్యాక దాన్ని ఊరి సంఘం అనాలా, కంపెనీ అనాలా అన్నది వేరే కొట్లాట.

అయితే మీ అబ్బాయి చెప్పి ఉండకపోవచ్చు, అక్కడ సంఘానికి ఊరికే తాళంచెవి ఇచ్చి పంపరు. ఏళ్లకేళ్ల లీజు రాసిస్తారు. ఊరికి మేలు జరుగుతుందంటే మార్కెట్ ధర కంటే తక్కువకు ఆస్తి ఇచ్చే వెసులుబాటు కౌన్సిళ్లకు 2003 నుంచి ఉంది. లీజు చేతిలో ఉంటేనే బ్యాంకు అప్పు, చందాలు, గ్రాంట్లు వస్తాయి. బ్యాంకులో చేసినవారు, మీకు నేను చెప్పాలా? అంత ఉన్నా గ్యాసు ధర పెరిగినప్పుడు నీళ్లు వేడి చేయలేక అల్లాడిపోయారు. 2023లో అక్కడి ప్రభుత్వం కొలనుల కోసం 6 కోట్ల 30 లక్షల పౌండ్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఎక్స్‌మత్ అనే ఊళ్లోనైతే వాషింగ్ మెషీన్ అంత కంప్యూటర్ల పెట్టె పెట్టి, దాని వేడిని కొలను నీళ్లు కాయడానికి వాడుకున్నారు. మనకు ఆ బాధ లేదు, మే నెలలో మన ట్యాంకు నీళ్లతో చాయ్ పెట్టుకోవచ్చు.

ఇక మనవాళ్ల బుద్ధి. మీది నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ఊరు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చినప్పుడు మీ చుట్టుపక్కల రైతులే ఎన్నికల్లో నిలబడి కాలువ పని నెత్తినెత్తుకున్నారు కదా? ఉత్సాహానికి కొదవ ఏముండె? పూడిక తీసే పని సంఘానిది, నీటి తీరువా వసూలు రెవెన్యూవాళ్లది. పని ఇచ్చారు, పైసల సంచి ఇవ్వలేదు. మన స్టేడియాల ముచ్చట కూడా సరిగ్గా అక్కడే ఉంది. రాజ్యాంగం 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీల పనులు 18 రాశారు, పార్కులు, ఆటస్థలాలు వాటిలో 12వది. పని రాసి ఉంది. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, లైబ్రరీకి రూపాయికి 8 పైసల సెస్సు పేరు పెట్టి ఉంటుంది. ఆటస్థలానికి అలాంటి గడి నా రసీదులో నాకు కనబడలేదు. మీ రసీదులో ఉంటే చెప్పండి.

ప్రశ్న: మా ఊళ్లో మున్సిపల్ స్విమ్మింగ్ పూల్ ఎండాకాలం రెండు నెలలే నడుస్తుంది. మిగతా ఏడంతా నాచు పట్టి ఉంటుంది. కాలనీ యువకులం పది మందిమి కలిసి తీసుకుందామని ఉంది. గిట్టుబాటవుతుందా? – సూర్యాపేట జిల్లా

జవాబు: వద్దు తమ్మీ. స్టేడియం వేరు, కొలను వేరు. స్టేడియంలో లైటు పోతే ఆట ఆగుతుంది. కొలనులో ఏదన్నా పోతే ప్రాణం పోతుంది.

లెక్క చెబుతా. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు అంటే దాదాపు 4 లక్షల 40 వేల లీటర్లు. ఎండాకాలం ఆవిరికే రోజూ రెండు వేల లీటర్ల దాకా పోతుంది, పిల్లలు దుంకితే చిమ్మేది, ఫిల్టర్ కడిగితే పోయేది వేరే. పది హెచ్‌పీ మోటరు ఎనిమిది గంటలు ఆడితే 60 యూనిట్లు. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే, టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి లోకమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది, అంత గొప్ప నీళ్లు మనవి.

క్లోరిన్ లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.8. ఇది జనం ఉన్న రోజు మూడు నాలుగు సార్లు చూడాలి. చాలాచోట్ల పొద్దున బకెట్టులో బ్లీచింగ్ పౌడర్ కలిపి నాలుగు మూలలా చల్లి అయిపోయిందంటారు. లోతైన చోట అడుగున ఉన్న జాలీ గట్టు మీదినుంచి స్పష్టంగా కనబడకపోతే ఆ రోజు ఎవర్నీ దిగనివ్వొద్దు. మునిగిన పిల్లాడు కూడా కనబడడు కాబట్టి. ఈత నేర్పే కోచ్ లైఫ్‌గార్డు కాదు, ఇద్దరూ వేరే ఉండాలి. నేర్పేవాడి కళ్లు నేర్చుకునేవాడి మీదే ఉంటాయి. జరగరానిది జరిగితే పోలీసు కాగితం మీద రాసేది మీ పది మంది పేర్లే.

కొలను మున్సిపాలిటీ చేతిలోనే ఉండనీయండి. మీకు అంత ఉత్సాహం ఉంటే ఐదుగురు కమిటీగా ఏర్పడి, నీళ్ల పరీక్ష రిజిస్టరు రోజూ గేటు దగ్గర బోర్డు మీద రాయించండి.

ప్రశ్న: పార్కులో ఓపెన్ జిమ్ సైకిల్ పెడల్ విరిగి ఆరు నెలలైంది. ఎవరిని అడగాలి?

జవాబు: సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ఆ జిమ్ము ఒప్పందం కాపీ అడగండి, ముప్పై రోజుల్లో ఇవ్వాలి. పెట్టిన కాంట్రాక్టరే ఇంతకాలం మరమ్మతు చేయాలని అందులో గడువు ఉంటుంది. గడువు లోపలే విరిగి ఉంటే మీ దరఖాస్తు చేరిన వారంలో పెడల్ దానంతటదే అతుక్కుంటుంది, చూడండి.

ప్రశ్న: నమస్తే సార్. నేను ఇంటర్ సెకండియర్. మాది నల్లగొండ జిల్లా. బడిలో ఉన్నప్పుడు షటిల్ జిల్లా స్థాయిలో ఆడాను. మా ఊరి ఇండోర్ స్టేడియం ఇప్పుడు అసోసియేషన్ వాళ్లది. పొద్దున, సాయంత్రం అంకుళ్లే ఉంటారు. అడిగితే "మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు ఆడపిల్లలకే ఇచ్చాం కదమ్మా" అన్నారు. ఆ టైమ్‌లో కాలేజీ ఉంటుంది. ఏం చేయాలి?

జవాబు: బిడ్డా, మొదట ఒప్పందం కాపీ సంపాదించు. పైన సైకిల్ గురించి చెప్పిన పది రూపాయల దారే. అందులో "ప్రజలందరికీ అందుబాటులో" అనే మాట ఉందేమో చూడు. ఆ వాక్యం కింద గీత గీసి, మీ దోస్తులు పది మంది సంతకాలు పెట్టి, అసోసియేషన్‌కు ఒక కాపీ, మున్సిపల్ కమిషనర్‌కు ఒక కాపీ ఇవ్వండి. రెండింటి మీదా ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. మీ పీఈటీ మేడంను వెంట తీసుకుపోండి, మీరొక్కరే పోతే "చూద్దాంలే అమ్మా" అని పంపిస్తారు.

అడిగేది స్పష్టంగా అడగండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు, రెండు కోర్టులు. బాత్రూంకు లోపలి గొళ్లెం ఉండాలి, బయట లైటు వెలగాలి, ఇవి కూడా రాయండి. ఆదివారం పొద్దున ఇస్తామంటే అదనంగా తీసుకోండి, బదులుగా కాదు. మధ్యాహ్నం రెండింటి సమయాన్ని మాత్రం ఒప్పుకోవద్దు. ఏప్రిల్‌లో ఆ రేకుల కింద ఆ వేళకు నేను టేపు పట్టుకుని కొలతలు తీసేవాణ్ని. ఇనుప టేపు చేతిలో నిలిచేది కాదు, రుమాలు చుట్టుకునేవాణ్ని. అంకుళ్లను ఒక్క రోజు ఆ టైమ్‌లో ఆడి చూడమని చెప్పు.